అయోడిన్ కోసం వెతికిన ఫిల్టర్‌లో ఫ్లోరిన్-18: తీరప్రాంతపు గాలిలో హాలోజన్ల కొలతపై ఒక కేస్ స్టడీ

మా నివేదిక చిత్తుప్రతిలో చేరిన ఒక వాక్యమే ఈ కేసును రాయడానికి కారణం. "గాలిలో వాయురూప ఫ్లోరైడు ఉన్నట్లు సూచనలు కనబడుతున్నాయి" అన్నది ఆ వాక్యం. తూర్పు తీరంలోని ఒక మత్స్యకార పల్లెలో సేకరించిన ఫిల్టర్లను పరిశోధనా రియాక్టర్‌లో న్యూట్రాన్లకు గురిచేసి, వాటిలో లేశమాత్రంగా ఉండే క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ అనే హాలోజన్లను కొలవడం మా పని. ఆ పల్లెకు కొన్ని కిలోమీటర్ల దూరంలో ఫాస్ఫేటు ఎరువుల కర్మాగారం ఒకటి ఉంది. ఫాస్ఫేటు రాయిలో నూటికి మూడు నాలుగు పాళ్లు ఫ్లోరిన్ ఉంటుందనీ, ఆ రాయిని ఆమ్లంతో కరిగించేటప్పుడు కొంత ఫ్లోరిన్ వాయువుగా బయటపడుతుందనీ ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు. అందువల్ల ఆ వాక్యం బయటికి వెళ్లి ఉంటే దాన్ని శంకించేవారు ఉండరు. కానీ ఆ వాక్యానికి ఆధారమైన ఫ్లోరిన్ గాలిలోంచి వచ్చినది కాదు. మేమే రియాక్టర్‌లో, మా ఫిల్టర్ మీదే దాన్ని తయారుచేసుకున్నాం. అది ఎలా జరిగిందో, ఎలా బయటపడిందో, ఆ తరువాత పద్ధతిని ఎలా మార్చుకున్నామో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఈ కొలత ఎందుకు, న్యూట్రాన్లతోనే ఎందుకు

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19 గ్రాముల క్లోరిన్, 67 మిల్లీగ్రాముల బ్రోమిన్, 0.06 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటాయి. అలలు విరిగినప్పుడు లేచే తుంపర్లు ఎండి గాలిలో ఉప్పు రేణువులవుతాయి. ఆ రేణువుల్లో హాలోజన్లు సముద్రపు నీటిలో ఉన్న నిష్పత్తిలోనే ఉంటే కొలవడానికి పెద్దగా కారణం ఉండదు. కానీ అవి ఆ నిష్పత్తిలో ఉండవు. గాలిలోని నైట్రిక్ ఆమ్లం ఉప్పుతో కలిసి సోడియం నైట్రేటుగా మారినప్పుడు క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడు వాయువుగా రేణువును విడిచిపోతుంది. అయోడిన్ సంగతి దీనికి పూర్తిగా ఎదురు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేసిన రాబర్ట్ డ్యూస్, జాన్ వించెస్టర్‌లు హవాయి తీరపు గాలిని న్యూట్రాన్ యాక్టివేషన్‌తో (నమూనాను న్యూట్రాన్లతో రేడియోధార్మికం చేసి, అది ఇచ్చే గామా కిరణాలను కొలిచే పద్ధతితో) పరీక్షించి 1965లో ప్రచురించిన ఫలితాల్లోనే, రేణువుల్లో క్లోరిన్‌తో పోల్చినప్పుడు అయోడిన్ సముద్రపు నీటిలోకన్నా ఎన్నో వందల రెట్లు ఎక్కువగా ఉందని తేలింది. బ్రోమిన్ ప్రాముఖ్యం 1988లో మరింత స్పష్టమైంది. కెనడా ఆర్కిటిక్‌లోని అలర్ట్ కేంద్రంలో, ధ్రువరాత్రి ముగిసి సూర్యుడు ఉదయించే వసంతకాలంలో, ఫిల్టర్ మీద బ్రోమిన్ పెరిగిన రోజుల్లోనే నేలకు దగ్గరి ఓజోన్ పడిపోతున్నట్లు ఆ ఏడాది ప్రచురితమైన పరిశీలన చూపింది.

భారతదేశంలో బ్రోమిన్‌కు మరొక చరిత్ర కూడా ఉంది. సీసం కలిపిన పెట్రోలులో, ఇంజన్‌లో సీసం పేరుకోకుండా ఇథిలీన్ డైబ్రోమైడు కలిపేవారు. అందుకే ఆ రోజుల్లో నగరాల గాలిలోని బ్రోమిన్ చాలావరకు వాహనాల నుంచి వచ్చినదే. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మకంలోకి వచ్చింది. కనుక నేటి తీరప్రాంతపు ఫిల్టర్లలో బ్రోమిన్‌ను సముద్రానికి ఆపాదించడం అప్పటికన్నా చాలా సులువు.

న్యూట్రాన్ యాక్టివేషన్‌లోని గొప్ప సదుపాయం ఏమిటంటే, అది పరమాణువు కేంద్రకాన్నే చూస్తుంది, రసాయన రూపాన్ని పట్టించుకోదు. అయోడైడు, అయోడేటు, సేంద్రియ పదార్థానికి అంటుకున్న అయోడిన్ అన్నీ ఒకే లెక్కలోకి వస్తాయి. ఫిల్టర్‌ను నీళ్లలో నానబెట్టి చేసే అయాన్ క్రొమటోగ్రఫీలో కరగని భాగం తప్పిపోతుంది. పైగా నానబెట్టడానికి వాడే నీళ్లు, గాజు పాత్రలు, రసాయనాలు అన్నీ తమ వంతు క్లోరిన్‌ను చేరుస్తాయి. న్యూట్రాన్ పద్ధతిలో రియాక్టర్‌లోంచి బయటికి వచ్చాక ఎంత మలినం అంటుకున్నా ఫలితం మారదు, ఎందుకంటే ఆ మలినం రేడియోధార్మికం కాదు. రియాక్టర్‌లోకి వెళ్లకముందు అంటినదే ప్రమాదం. మా తప్పు కూడా ఆ దశలోనే జరిగింది.

కేంద్రకాల లెక్క

సహజ క్లోరిన్‌లో సుమారు నాలుగో వంతు ఉండే క్లోరిన్-37 ఒక న్యూట్రాన్‌ను పట్టుకుని క్లోరిన్-38 అవుతుంది. దాని అర్ధాయువు (సగం పరమాణువులు క్షయించడానికి పట్టే కాలం) 37.2 నిమిషాలు, ముఖ్యమైన గామా కిరణాలు 1642, 2167 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర ఉంటాయి. అయోడిన్-127 ఒక్కటే సహజంగా దొరికే అయోడిన్. అది 25 నిమిషాల అర్ధాయువు గల అయోడిన్-128గా మారి 443 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామాను విడుదల చేస్తుంది. బ్రోమిన్‌లో రెండు సహజ ఐసోటోపులు దాదాపు చెరిసగం ఉండడం మాకు కలిసొచ్చే అంశం. ఒకటి 17.7 నిమిషాల బ్రోమిన్-80ని, రెండోది 35.3 గంటల బ్రోమిన్-82ను ఇస్తుంది. ఒకే మూలకాన్ని రెండు వేర్వేరు గడియారాలతో కొలిచే అవకాశం వేరే హాలోజన్లలో లేదు.

ఫ్లోరిన్-19 కూడా న్యూట్రాన్‌ను పట్టుకుంటుంది. కానీ దానివల్ల వచ్చే ఫ్లోరిన్-20కి అర్ధాయువు 11 సెకన్లే. మా ఏర్పాటులో క్యాప్సూల్ రియాక్టర్ నుంచి గొట్టం ద్వారా వచ్చి, విప్పి, డిటెక్టర్ ముందు పెట్టేసరికే అది క్షీణించిపోతుంది. అందుకే మా పట్టికలో ఫ్లోరిన్‌కు మొదటినుంచీ వరుస లేదు.

నమూనాల సేకరణ

నిమిషానికి 20 లీటర్ల చొప్పున రోజంతా గాలి పీల్చితే సుమారు 29 ఘనమీటర్లు అవుతుంది. హోల్డర్‌లో వరుసగా మూడు ఫిల్టర్లు పెట్టాం. మొదటిది రేణువుల కోసం పాలికార్బనేట్ పొర. దాని వెనక రెండు వాట్‌మన్ 41 సెల్యులోజ్ కాగితాలు. వీటిని లిథియం హైడ్రాక్సైడు ద్రావణంలో తడిపి, ఆమ్ల వాయువులు లేని గాలిలో ఆరబెట్టాం. హైడ్రోజన్ క్లోరైడు, హైడ్రోజన్ బ్రోమైడు వంటి ఆమ్ల స్వభావం గల వాయువులు ఈ క్షారానికి చిక్కుతాయి. మిథైల్ అయోడైడు వంటి సేంద్రియ వాయువులు దీనికి చిక్కవు, వాటికి బొగ్గు పొర కావాలి. ఆ పని ఈ కేసులో చేయలేదు.

లిథియాన్ని ఎంచుకోవడానికి కారణం ఈ కేసుకు కీలకం కనుక దాన్ని కొంచెం వివరిస్తాను. క్షారంగా సోడియం హైడ్రాక్సైడు వాడితే రియాక్టర్‌లో 15 గంటల సోడియం-24 పుట్టి, దాని 1369, 2754 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామాలు స్పెక్ట్రమంతా (ఏ శక్తి దగ్గర ఎన్ని గామాలు వచ్చాయో చూపే పటమంతా) పరుచుకుంటాయి. పొటాషియం వాడితే పొటాషియం-42తో అదే ఇబ్బంది. లిథియం-7 న్యూట్రాన్‌ను పట్టుకుంటే వచ్చే లిథియం-8 ఒక సెకను కూడా నిలవదు. అందుకే గామా స్పెక్ట్రంలో లిథియం కనబడదు. 1970ల నుంచీ ఇలాంటి పూత వాడుకలో ఉన్నదే. కనబడదు అన్న మాట నిజమే గాని, ఆ మాటను మేము 'ఏమీ చేయదు' అని అర్థం చేసుకున్నాం.

బ్లాంకుల (గాలి పీల్చకుండా పోలిక కోసం ఉంచే ఫిల్టర్ల) గురించి ఒక విషయం చెప్పాలి. మన ఇళ్లలో వాడే అయోడైజ్డ్ ఉప్పులో, వినియోగదారుడి చేతికి వచ్చేసరికి కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలన్నది నియమం. అంటే ఒక మిల్లీగ్రాము ఉప్పులో 15 నానోగ్రాముల అయోడిన్, సుమారు 600 మైక్రోగ్రాముల క్లోరిన్ ఉంటాయి. మా ఫిల్టర్ రోజంతా పోగుచేసే అయోడిన్ కూడా పదుల నానోగ్రాముల కొలతలోనిదే. మధ్యాహ్నం ఆవకాయ అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చినా సరే, వేలికొసన మిగిలిన ఉప్పు ఒక రోజు ఫలితాన్ని తారుమారు చేయగలదు. అందువల్ల ఫిల్టర్లు ఎక్కించడం, దించడం ఉదయం పూట, భోజనానికి ముందే చేయాలన్న నియమం పెట్టుకున్నాం. చేతి తొడుగుల విషయంలోనూ పాలీవినైల్ క్లోరైడువి నిషేధించి పాలిథిన్‌వి వాడాం, ఎందుకంటే మొదటిదాని పేరులోనే క్లోరిన్ ఉంది. ఇంత జాగ్రత్త పడ్డవాళ్లం, పల్లెకు తీసుకెళ్లి గాలి పీల్చకుండా తిరిగి తెచ్చిన ఫీల్డ్ బ్లాంకులుగా పాలికార్బనేట్ పొరలనూ పూత లేని సెల్యులోజ్ కాగితాలనూ మాత్రమే రియాక్టర్‌కు పంపాం. లిథియం పూత పూసిన కాగితాన్ని బ్లాంకుగా పంపలేదు. పూత ద్రావణంలోని క్లోరైడును విడిగా పరీక్షించాం కదా, అది చాలుననుకున్నాం. ఆ నిర్ణయం నాదే.

వికిరణం, తొలి కొలతలు

ఒక్కో ఫిల్టర్‌ను చుట్టి చిన్న పాలిథిన్ వయల్‌లో పెట్టి, గాలి ఒత్తిడితో నడిచే గొట్టం ద్వారా రియాక్టర్‌లోకి పంపి 10 నిమిషాలు ఉంచాం. బయటికి వచ్చాక 20 నిమిషాలు ఆగాం. ఆ వ్యవధిలో 2.24 నిమిషాల అల్యూమినియం-28 అయిదు వందలో వంతుకు పడిపోతుంది, అయోడిన్-128 మాత్రం 57 శాతం మిగిలి ఉంటుంది. ఆగకపోతే అల్యూమినియమే డిటెక్టర్‌ను ముంచెత్తుతుంది, మరీ ఆగితే అయోడిన్ చేజారుతుంది.

ఆగే ఆ 20 నిమిషాల్లోనే ఫిల్టర్‌ను పాత వయల్ నుంచి తీసి కొత్త వయల్‌లోకి మార్చాలి. పాలిథిన్ తయారీలో వాడే ఉత్ప్రేరకాల అవశేషంగా క్లోరిన్, అల్యూమినియం ఆ ప్లాస్టిక్‌లోనే ఉంటాయి. వయల్‌తో సహా లెక్కిస్తే వాటిని కూడా గాలిలోని క్లోరిన్‌గా నమోదు చేస్తాం. అయితే మార్చడంలో ఇంకో ప్రమాదం ఉంది. న్యూట్రాన్‌ను పట్టుకున్న కేంద్రకం గామాను వదిలేటప్పుడు వెనక్కి తన్నుకుని రసాయన బంధాన్ని తెంచుకుంటుంది. 1934లో సిలార్డ్, చామర్స్‌లు ఇథైల్ అయోడైడుతో చూపించింది సరిగ్గా ఇదే, అదీ ఇదే అయోడిన్-128తో. అలా విడిపోయిన అయోడిన్ ఫిల్టర్‌ను వదిలి వయల్ గోడకు అంటితే, కొత్త వయల్‌లోకి మార్చినప్పుడు దాన్ని పోగొట్టుకున్నట్లే. అందుకే కొన్ని ఫిల్టర్లకు ఖాళీ అయిన పాత వయళ్లను కూడా డిటెక్టర్ ముందు పెట్టి చూశాం. వాటిలో క్లోరిన్ ఎప్పుడూ కొత్త ఖాళీ వయల్‌ను వికిరణం చేస్తే వచ్చినంతే వచ్చింది. అయోడిన్ కనబడలేదు. మా పాలికార్బనేట్ పొరల విషయంలో నష్టం లేదని దీన్నిబట్టి తేల్చుకున్నాం.

బ్రోమిన్ ఫలితాలు తొలి వారంలోనే మాకు ధైర్యాన్నిచ్చాయి. బ్రోమిన్-80 ఇచ్చే 616 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పీక్‌ను (స్పెక్ట్రంలో ఆ శక్తి దగ్గర లేచే శిఖరాన్ని) మొదటి గంటలోనూ, బ్రోమిన్-82 ఇచ్చే 776 పీక్‌ను వేరొక సుదీర్ఘ వికిరణం తరువాత రెండో రోజూ లెక్కించి చూస్తే, ఒకే ఫిల్టర్ రెండు ముక్కలకు వచ్చిన బ్రోమిన్ విలువలు కొలత అనిశ్చితి లోపలే సరిపోయాయి. ఇక్కడ కొత్తవారు పొరబడే చోటు ఒకటుంది. బ్రోమిన్-80కి 4.4 గంటల అర్ధాయువు గల ఉత్తేజిత రూపం కూడా ఉంది. అది క్షయిస్తూ బ్రోమిన్-80ని పోషిస్తూనే ఉంటుంది. కాబట్టి ఆలస్యంగా లెక్కపెడితే 616 పీక్ 17.7 నిమిషాల లెక్కన తగ్గదు. ప్రమాణ నమూనానూ (మూలకం ఎంత ఉందో ముందే తెలిసిన నమూనా) గాలి నమూనానూ ఒకే సమయపట్టిక ప్రకారం లెక్కిస్తే ఈ తేడా రెండువైపులా సమానమై కొట్టుకుపోతుంది. మా ప్రయోగశాలలో ప్రమాణ నమూనాలకు వేరే సమయపట్టిక పెట్టనివ్వనిది ఇందుకే.

511 దగ్గరి పీక్

చిక్కంతా లిథియం కాగితాలతో వచ్చింది. వాటిలో అల్యూమినియం, సోడియం దాదాపు లేవు. కాబట్టి స్పెక్ట్రం ప్రశాంతంగా ఉండాలి, డిటెక్టర్ డెడ్ టైమ్ (గామాల రద్దీలో కొత్తవాటిని అందుకోలేకపోయే సమయం) తక్కువగా ఉండాలి. అలా లేదు. 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర నిటారుగా ఒక పీక్ నిలబడింది. ఎలక్ట్రాన్, దాని ప్రతికణమైన పాజిట్రాన్ ఒకదాన్నొకటి హరించుకున్నప్పుడు వచ్చే గామా ఇది. మొదటి ఫిల్టర్‌లో ఇది ఎప్పుడూ ఉండేదే. సోడియం-24, క్లోరిన్-38ల అధికశక్తి గామాలు డిటెక్టర్ చుట్టూ ఉన్న సీసంలో ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటల్ని పుట్టిస్తాయి కాబట్టి, 511 పీక్‌ను చూసీచూడనట్లు వదిలేయడం గామా స్పెక్ట్రాలు చూసేవాళ్లందరికీ అలవాటు. కానీ సోడియం లేని కాగితంలో అంత పెద్ద 511 ఎందుకు?

అప్పట్లో మా దగ్గర శిక్షణలో ఉన్న అమ్మాయి ఒక కాగితాన్ని మధ్యాహ్నమంతా డిటెక్టర్ ముందే ఉంచి, అరగంటకొకసారి 511 పీక్ వైశాల్యాన్ని నోటు పుస్తకంలో రాసుకుంటూ పోయింది. సాయంత్రానికి గీత గీసి చూపించింది. అర్ధాయువు సుమారు 110 నిమిషాలు.

"ఆర్గాన్ కదా అమ్మా, వయల్‌లో మిగిలిన గాలి" అన్నాను. గాలిలోని ఆర్గాన్ నుంచి వచ్చే ఆర్గాన్-41 అర్ధాయువు 109.6 నిమిషాలు. ఈ పని చేసేవాళ్లందరికీ అది కొట్టినపిండి.

"ఆర్గాన్ 1294 దగ్గర ఉండాలి కదా సార్. అక్కడ చాలా చిన్నదే ఉంది. పైగా ఆర్గాన్-41 పాజిట్రాన్ ఇవ్వదు."

ఆమె చెప్పింది నిజం. అయినా నిర్ధారణ కోసం వయల్‌లోని గాలిని నైట్రోజన్‌తో తరిమేసి మళ్లీ వికిరణం చేశాం. 1294 పీక్ మాయమైంది, 511 చెక్కుచెదరలేదు. 110 నిమిషాల అర్ధాయువుతో పాజిట్రాన్‌ను ఇస్తూ, వేరే గామా ఏదీ లేని కేంద్రకం కోసం పట్టికలు తిరగేస్తే ఫ్లోరిన్-18 దొరికింది. ఆసుపత్రుల్లో పెట్ స్కాన్‌కు వాడేది ఇదే, అర్ధాయువు 109.8 నిమిషాలు. ఆర్గాన్-41కూ దీనికీ అర్ధాయువుల్లో తేడా పది పన్నెండు సెకన్లే. క్షయరేఖను మాత్రమే నమ్ముకుని ఉంటే రెంటినీ వేరుచేయడం సాధ్యమయ్యేది కాదు.

ఇక్కడే మేము రెండో తప్పు చేశాం, అది మొదటిదానికన్నా పెద్దది. క్షారం పూసిన కాగితం హైడ్రోజన్ ఫ్లోరైడును పట్టుకుంటుంది. దగ్గర్లో ఫాస్ఫేటు కర్మాగారం ఉంది. స్పెక్ట్రంలో ఫ్లోరిన్ ఉంది. మూడూ చక్కగా అతుక్కున్నాయి. ఫ్లోరిన్-19 మీద వేగవంతమైన న్యూట్రాన్ పడి రెండు న్యూట్రాన్లను ఊడగొట్టి ఫ్లోరిన్-18గా మార్చి ఉంటుందని చిత్తుప్రతిలో రాసేశాం. ఆ చర్యకు న్యూట్రాన్ దగ్గర సుమారు 11 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. విచ్ఛిత్తిలో పుట్టే న్యూట్రాన్ల సగటు శక్తి రెండు మిలియన్లు. పదకొండు దాటినవి అతి స్వల్పం. అంత స్వల్పమైన న్యూట్రాన్లతో అంత పెద్ద పీక్ రావాలంటే కాగితం మీద ఎంత ఫ్లోరిన్ ఉండాలో లెక్కగట్టి ఉంటే, ఆ పల్లెలో మనుషులు ఊపిరి తీసుకోలేనంత అని తేలేది. లెక్క ముందు వేయవలసింది, మేము వాక్యం ముందు రాశాం.

లిథియం చేసిన పని

చిత్తుప్రతిని మరోసారి చదువుతున్నప్పుడు, ఫ్లోరైడు గురించి రాసిన చోట బ్లాంకు విలువ అడగాలన్న ఆలోచన వచ్చింది. అడగడానికి బ్లాంకు లేదు. మరుసటి రోజు, పల్లె ముఖం చూడని, పెట్టెలోంచి తీసి పూత పూసిన కొత్త కాగితాన్ని రియాక్టర్‌లోకి పంపాం. 511 పీక్ అదే ఎత్తున వచ్చింది. ఫ్లోరిన్ గాలిది కాదు, కాగితానిదీ కాదు.

అసలు జరిగింది ఇది. సహజ లిథియంలో సుమారు 7.6 శాతం లిథియం-6 ఉంటుంది. నెమ్మదైన న్యూట్రాన్లను అది 940 బార్న్‌ల వైశాల్యంతో (కేంద్రకం న్యూట్రాన్‌ను పట్టుకునే అవకాశానికి ఇదే కొలమానం) పట్టుకుంటుంది. పోల్చి చూస్తే అయోడిన్‌ది ఆరు బార్న్‌లే, క్లోరిన్-37ది అర బార్న్ కూడా కాదు. న్యూట్రాన్ పడగానే లిథియం-6 ఆల్ఫా కణంగానూ, 2.73 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో దూసుకుపోయే ట్రిటియం (రేడియోధార్మికమైన బరువు హైడ్రోజన్) కేంద్రకంగానూ విడిపోతుంది. గామా ఏదీ రాదు, అందుకే డిటెక్టర్‌కు ఇది కనబడదు. ఆ ట్రిటియం కేంద్రకం పక్కనే ఉన్న ఆక్సిజన్-16ను ఢీకొంటే, ఒక న్యూట్రాన్ బయటపడి ఫ్లోరిన్-18 పుడుతుంది. లిథియం హైడ్రాక్సైడులోనూ సెల్యులోజ్‌లోనూ ఆక్సిజన్‌కు కొదవ లేదు. లిథియం కార్బొనేటును రియాక్టర్‌లో పెట్టి ఇదే చర్యతో ఫ్లోరిన్-18ను కావాలని తయారుచేసేవారు. ఆ సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. మా కాగితం ఒక చిన్న ఫ్లోరిన్-18 తయారీకేంద్రం అయిందన్నమాట.

లెక్క వేస్తే మరో రెండు విషయాలు బయటపడ్డాయి, అవి ఫ్లోరిన్ కన్నా ముఖ్యమైనవి. కాగితం మీద 20 మిల్లీగ్రాముల లిథియం ఉందనుకుందాం. చదరపు సెంటీమీటరుకు సెకనుకు లక్ష కోట్ల న్యూట్రాన్ల ప్రవాహంలో దానిలో సెకనుకు పన్నెండు వేల కోట్లకు పైగా విచ్ఛేదాలు జరుగుతాయి. ఒక్కొక్కటి 4.78 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని విడుదల చేస్తుంది. మొత్తం సుమారు 0.1 వాట్. వినడానికి తక్కువే, కానీ చుట్టచుట్టి మూసిన వయల్‌లో ఉన్న పొడి కాగితానికి అది పది నిమిషాల పాటు లోపలినుంచి పెట్టిన మంట. ప్రవాహం పదిరెట్లు ఉన్న చోట అది ఒక వాట్ అవుతుంది. హాలోజన్లను వెళ్లగొట్టడానికి వేడికన్నా అనువైనది లేదు. పాలికార్బనేట్ పొరలకు చేసిన 'పాత వయల్' పరీక్షను లిథియం కాగితాలకు అప్పటిదాకా చేయలేదు. చేసి చూస్తే కొన్నిటిలో గోడకు అంటిన క్లోరిన్ ఖాళీ వయల్ విలువకన్నా స్పష్టంగా ఎక్కువగా ఉంది. ఆ ఫిల్టర్ల ఫలితాలన్నిటినీ రద్దు చేశాం.

రెండోది భద్రతకు సంబంధించినది. పది నిమిషాల్లో ఒక్కో కాగితంలో లక్షకు పైగా బెక్వెరెళ్ల (అంటే సెకనుకు లక్షకు పైగా క్షయాల) ట్రిటియం తయారవుతుంది. ట్రిటియం విడుదల చేసే బీటా కిరణం మా గదిలోని ఏ గామా మీటరుకూ తెలియదు. వాడిన కాగితాలను 'క్షయించిపోయినవి'గా భావించి మామూలు డబ్బాలో వేస్తున్నాం. అర్ధాయువు 12.3 ఏళ్లు అయినది ఒక్క రోజులో ఎక్కడికీ పోదు. ఈ విషయం తెలిసిన రోజే భద్రతాధికారికి రాతపూర్వకంగా తెలిపి, ఆ డబ్బాను వేరుచేసి ముద్రవేయించాం.

కాడ్మియం కవచం

మూడు చిక్కులకూ మూలం ఒకటే, నెమ్మదైన న్యూట్రాన్లు. వాటిని ఆపగలిగితే లిథియం చర్య అణగుతుంది. కాడ్మియం రేకు సుమారు అర ఎలక్ట్రాన్ వోల్టు కన్నా తక్కువ శక్తి గల న్యూట్రాన్లను దాదాపు పూర్తిగా మింగేస్తుంది. అంతకన్నా ఎక్కువ శక్తి గల ఎపిథర్మల్ న్యూట్రాన్లు లోపలికి వెళ్తాయి. అదృష్టవశాత్తూ అయోడిన్, బ్రోమిన్‌లకు ఆ శక్తుల దగ్గర బలమైన అనునాదాలున్నాయి (అంటే ఆ న్యూట్రాన్లను అవి మరింత ఎక్కువగా పట్టుకుంటాయి), క్లోరిన్, సోడియం, అల్యూమినియంలకు లేవు. నెమ్మదైన న్యూట్రాన్లకూ ఎపిథర్మల్ న్యూట్రాన్లకూ నిష్పత్తి 50 ఉన్న స్థానంలో లెక్కిస్తే, కాడ్మియం లోపల అయోడిన్ యాక్టివేషన్‌లో మూడో వంతు నిలుస్తుంది. బ్రోమిన్-82కు 28 శాతం నిలుస్తుంది. క్లోరిన్, సోడియంలకు ఒకటిన్నర శాతంలోపే.

మూడో వంతు సంకేతం మిగలడం నష్టం లాగా కనబడుతుంది. లాయిడ్ కరీ 1968లో సూత్రీకరించిన ప్రకారం గుర్తింపు పరిమితి (నమ్మకంగా గుర్తించగల కనిష్ఠ మోతాదు) నేపథ్య లెక్కింపు వర్గమూలాన్ని బట్టి నడుస్తుంది. కాబట్టి సంకేతం మూడో వంతుకు పడితే, నేపథ్యం తొమ్మిదో వంతుకన్నా కిందికి పడినప్పుడే లాభం. 443 పీక్ కింద ఉన్న నేపథ్యం క్లోరిన్, సోడియం, అల్యూమినియంల నుంచి వచ్చినదైతే అది డెబ్బయ్యో వంతు దరిదాపులకు పడుతుంది. వర్గమూలం చూస్తే ఎనిమిదికి పైగా, దాన్ని మూడుతో భాగిస్తే మూడు రెట్లకు కాస్త తక్కువ లాభం. మొదటి ఫిల్టర్లలో మాకు ఇంచుమించు ఈ లాభమే దక్కింది. లిథియం కాగితాల్లో 511 పీక్ కూలిపోయింది, డెడ్ టైమ్ నేలకు దిగింది, పాత వయళ్లలో క్లోరిన్ మామూలు స్థాయికి వచ్చింది.

అయితే క్లోరిన్‌ను కాడ్మియం కింద కొలవడం అనవసరపు కష్టం. అందుకని కాగితాన్ని రెండుగా కోసి, ఒక సగాన్ని అయోడిన్, బ్రోమిన్‌ల కోసం కాడ్మియంలోనూ, రెండో సగంలోని క్లోరైడును నీళ్లలోకి దింపి అయాన్ క్రొమటోగ్రఫీతోనూ కొలిచాం. ఆమ్ల వాయువులుగా చిక్కిన క్లోరిన్ అంతా కరిగేదే కనుక ఇక్కడ న్యూట్రాన్ పద్ధతిని పట్టుకు వేలాడవలసిన పని లేదని నా అభిప్రాయం. ప్రమాణ నమూనాలను కూడా ఇకమీదట లిథియం పూసిన కాగితం మీదే వేయాలని నిర్ణయించాం. పరిచిన కాగితం నెమ్మదైన న్యూట్రాన్లలో ఒక శాతాన్ని కూడా మింగదు గాని, పదిహేను పదహారు పొరలుగా చుట్టినప్పుడు అది పది శాతాన్ని దాటుతుంది. పూత లేని కాగితంతో పోల్చితే ఆ తేడా నేరుగా ఫలితంలోకి దిగుతుంది. ప్రమాణ ద్రావణం చుక్కను క్షారయుతంగానే ఉంచాలి. లేకపోతే ఆరబెట్టే దీపం కిందే అయోడైడు ఆక్సీకరణం చెంది ఎగిరిపోతుంది.

తేలిన సంగతులు

రేణువుల ఫిల్టర్లలో క్లోరిన్-సోడియం నిష్పత్తి సముద్రపు నీటికి ఉండే 1.8 కన్నా తక్కువగా ఉంది. గాలి భూమి వైపునుంచి వీచిన రోజుల్లో ఇంకా తక్కువ. తగ్గిన క్లోరిన్‌లో ఒక భాగం వెనకనున్న మొదటి లిథియం కాగితంలో కనబడింది. అయోడిన్ డ్యూస్, వించెస్టర్‌లు హవాయిలో చూసిన తీరునే, క్లోరిన్‌తో పోలిస్తే వందల రెట్లు అధికంగా ఉంది. లిథియం కాగితాల్లో అయోడిన్ సగానికి పైగా ఫిల్టర్లలో గుర్తింపు పరిమితికి దిగువనే ఉండిపోయింది. వాటికి అంకె ఇవ్వకుండా 'పరిమితికి తక్కువ' అనే రాశాం.

ఫ్లోరైడు ప్రశ్నను మాత్రం గాలికి వదిలేయడం సరికాదనిపించింది. కర్మాగారం ఉన్నది నిజం, పల్లెవాసులు గాలి గురించి అడుగుతున్నదీ నిజం. మిగిలిన లిథియం కాగితాలను నీళ్లలోకి దింపి ఫ్లోరైడు ఎలక్ట్రోడుతో చూస్తే, గాలి పీల్చిన కాగితానికీ పూత పూసిన కొత్త కాగితానికీ తేడా పట్టుబడలేదు. మేము నమూనాలు తీసిన రోజులకు, ఆ ఒక్క చోటుకు మాత్రమే ఈ మాట వర్తిస్తుంది. కర్మాగారానికి మేము యోగ్యతాపత్రం ఇవ్వడం లేదు. అలాంటి ప్రశ్న మళ్లీ వస్తే ఫ్లోరిన్‌కు తగిన న్యూక్లియర్ పద్ధతి ప్రోటాన్ కిరణపుంజంతో చేసే పిజీ (PIGE) విశ్లేషణ. ప్రోటాన్ తాకిడికి ఫ్లోరిన్-19 ఇచ్చే 110, 197 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామాలతో దాన్ని నేరుగా గుర్తించవచ్చు. అక్కడ లిథియం కూడా తన 478 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామాతో తానున్నానని చెబుతుంది.

చిత్తుప్రతిలోని ఆ వాక్యాన్ని కొట్టేసి, దాని స్థానంలో లిథియం పూత పూసిన కొత్త కాగితం స్పెక్ట్రాన్నీ, గాలి పీల్చిన కాగితం స్పెక్ట్రాన్నీ ఒకదాని కింద ఒకటిగా ముద్రించి జతచేశాం. ఆ పుటకు కుడివైపున ఆ అమ్మాయి అరగంటకొకసారి రాసుకున్న అంకెల పట్టిక ఉంది.